రక్తనష్ట నివారణ కమిటీ

మనిషి ఒంట్లో రక్తాన్ని నడిపేది గుండె అని పుస్తకాల్లో రాసి ఉంటుంది. తెనాలిలోని ఒక ఎముకల ఆసుపత్రిలో మాత్రం దాన్ని నడిపేది రక్తనష్ట నివారణ కమిటీ. (గుండె అప్పుడప్పుడు తడబడుతుంది. కమిటీ తడబడదు.)

బాపట్ల కుసుమకుమారి అక్కడ మోకీలు మార్పించుకుంది. ఇంటికొచ్చిన వాళ్ళను ఏళ్ళ తరబడి కుర్చీలోంచే సాగనంపుతోంది. ఒక్కసారైనా గేటు దాకా నడిచి సాగనంపాలని ఆమె కోరిక. విడిపోవడాలంటే భయం కనుక ఆపరేషన్‌కి ముందే ఎవరినీ వదలకుండా సెలవు పుచ్చుకుంది. భర్త దావీదుకి గ్యాస్ కట్టెయ్యడం నేర్పింది. పాస్టరు గారి చేత రెండోసారి కూడా ప్రార్థన చేయించింది.

తీరా ఆపరేషన్ బాగా జరిగింది. తొడకి పట్టీ బిగించారు, రక్తం ఆగే ఇంజెక్షన్ ఇచ్చారు, పోయింది కొంచెమే. అందరికీ అంతలా వీడ్కోలు చెప్పి మళ్ళీ కళ్ళు తెరిచినందుకు ఆమెకే మొహమాటమేసింది.

ఇక ఇంటికి వెళ్ళడమే మిగిలింది. అయితే హిమోగ్లోబిన్ పది ఉంటేనే గేటు దాటనివ్వాలని కమిటీ నిబంధన. ఆమెకు పదికి కాస్త తక్కువ.

ఎందుకు తగ్గిందో తెలుసుకోవడానికి పొద్దున రక్తం తీశారు. పొద్దుటి లెక్క నిజమో కాదో చూడ్డానికి మధ్యాహ్నం తీశారు. రెంటికీ తేడా ఎందుకొచ్చిందో తేల్చడానికి సాయంత్రం తీశారు. మర్నాటికి ఇంకాస్త తగ్గింది. కమిటీ ఆందోళన చెంది పరీక్షలు పెంచింది.

"మీరు తియ్యడం మానేస్తే అదే పెరుగుద్దేమో అమ్మాయ్" అంది కుసుమకుమారి, నర్సు తులసితో.

"తియ్యకపోతే పెరిగిందని ఎట్టా తెలుస్తదండి మామ్మగారూ" అంది తులసి సూది గుచ్చుతూ.

"తెలీకపోతే ఏంటమ్మా నష్టం?"

"నష్టమో కాదో కమిటీ చెప్పాలండి."

ఒక బాటిల్ రక్తం ఎక్కించాలని కమిటీ చెప్పింది. బదులుగా ఆమె తరఫు మనిషి ఒకరు రక్తం ఇవ్వాలి. దావీదుకి వయసు దాటిపోయింది. రేపల్లె నుంచి చెల్లెలు నిర్మల దానిమ్మకాయలు, కార్జం వేపుడు పట్టుకుని బస్సు దిగింది.

"ఫోన్లో అంత ఏడిపించావు. నేను తెల్లచీర ఇస్త్రీ కూడా చేయించా గదక్కా" అంది.

"దాచుకోవే. వృథా పోదు."

కుసుమకుమారికి పది దాటింది. రక్తమిచ్చిన నిర్మలకు కళ్ళు తిరిగాయి. కమిటీ ఆమెను అదే మంచం మీద పడుకోబెట్టి, పరీక్ష మీద పరీక్ష చేసి, పదికి కాస్త కిందకి తెచ్చింది.

కొత్త మోకీలు మీద, వాకర్ పట్టుకుని, కుసుమకుమారి చెల్లెలి పక్కన నిలబడింది. నిలబడి సాగనంపాలనుకుంది, తీరా నిలబడితే వెళ్ళాల్సింది తనే.

"నువ్వు పదక్కా. బావగారు ఆటో పిలిచారు. నేను రేపొచ్చేస్తా."

"నేనూ రోజూ అదే అనుకున్నానే."

వాకర్ గోడకి చేర్చి స్టూలు మీద కూర్చుంది. డిశ్చార్జి అయి కూడా గేటు దాటని మనిషిని కమిటీ ఊరికే వదిలిపెట్టదు. కాసేపటికి తులసి సూది పట్టుకుని వచ్చింది. అక్కచెల్లెళ్ళిద్దరూ చెరో చెయ్యి చాపారు.

వరండాలో బోర్డు మీద ఆ నెల లెక్క రాశారు: రక్తనష్టం సున్నా. (పరీక్షలకు తీసినది నష్టం కింద రాదు.)