బొగ్గుకు బిళ్ళ

మానవజాతి కనిపెట్టినవాటిలో అన్నిటికన్నా గొప్పది నిప్పూ కాదు, చక్రమూ కాదు, స్టోర్ రిజిస్టరు. అందులోకి ఎక్కని వస్తువు లోకంలో లేనట్టే.

మా పరిశోధన సంస్థ పని బొగ్గు పారగమ్యతను కొలవడం. అంటే బొగ్గు ముక్కలోకి ఒకవైపు నుంచి గ్యాస్ నెడితే రెండోవైపు ఎంత వస్తుందో చూడటం. అది తేలితే పాత బావుల అడుగున మొండికేసిన చమురుని పైకి నెట్టే ఉపాయం కూడా దొరుకుతుందట. (ఎలాగని నన్నడక్కండి, నేను టైపిస్టుని.)

మా డాక్టరమ్మ (ఇంకా డాక్టరు కాలేదు, ఆ పట్టా కోసమే ఈ పాట్లన్నీ) మూడేళ్ళు గనుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి ఒకే ఒక్క ముక్క సంపాదించింది. పగులు లేనిది, జానెడు పొడవు. మైనం పూసి, చంటిపిల్లని తెచ్చినట్టు తెచ్చింది. మర్నాడే ఆ గనిలోకి నీళ్ళొచ్చి మూసేశారు. ఇక అలాంటి ముక్క ఇంకోటి దొరకదు.

స్టోర్ ఆఫీసరు పద్నాలుగో నిబంధన తీశాడు. ప్రతి వస్తువుకీ నంబరు బిళ్ళ ఉండవలెను. బిళ్ళ అతికించరాదు, పురికొసతో కట్టవలెను.

డాక్టరమ్మ టీ తాగి వచ్చేసరికి ఆయన డ్రిల్లు తుడుచుకుంటున్నాడు.

"అయ్యయ్యో! ఏం చేశారు సార్?"

"బెజ్జం వేశానమ్మా. కుర్చీకైతే కాలుంది, కట్టేస్తాం. నీ బొగ్గుకి కాలూ లేదు, చెయ్యీ లేదు. అడ్డంగా వేస్తే విరుగుతుందని, నీ మీద అభిమానం కొద్దీ, ఈ చివర్నుంచి ఆ చివరికి నిలువునా వేశాను."

"పైన చుట్టి కట్టొచ్చుగా!"

"జారిపోతే ఎవరు బాధ్యులు? నువ్వా, నేనా?"

పాపం, ఆ పిల్ల ముక్కని కంటి దగ్గర పెట్టుకుని చూస్తే అటువైపు కిటికీ కనిపించింది.

పదిహేనో నిబంధన ప్రకారం రిజిస్టరుకెక్కిన శాంపిల్‌ని పరీక్షించి తీరాలి. పరీక్షించారు. ఇటు నెట్టిన గ్యాస్ అటు జుయ్యిమని వచ్చేసింది. యంత్రంలో ముల్లు చివరికంటా వెళ్ళి అక్కడే కూర్చుంది. డైరెక్టరుగారు ఉబ్బితబ్బిబ్బై అప్పటికప్పుడు కమిటీ వేశారు.

కమిటీ ముందు డాక్టరమ్మ లేచి నిలబడింది. "సార్, ఇందులో బొగ్గు గొప్పతనం ఏమీ లేదు. ఈ ఫలితానికి పూర్తి కారణం స్టోర్ ఆఫీసరుగారే. ఆయన బెజ్జం వెయ్యకపోతే ఇందులో పదోవంతు గ్యాస్ కూడా వచ్చేది కాదు."

"ఈ మాట రాసిస్తావా అమ్మా?" అన్నారు డైరెక్టరుగారు.

"నిక్షేపంలా రాసిస్తాను."

రాసిచ్చింది. కమిటీ ఆ నిజాన్ని పొల్లుపోకుండా ఆమోదించి, ఉత్తమ పరిశోధకుడి పతకం స్టోర్ ఆఫీసరుకి ఇచ్చింది. (పతకానికి బెజ్జం ముందే ఉండటం చూసి, చేసినవాడెవడో నియమాలు తెలిసినవాడని ఆయన మెచ్చుకున్నాడు.)

డాక్టరమ్మకి మెమో వెళ్ళింది. "స్టోర్ ఆఫీసరు రెండు నిమిషాల్లో సాధించినది మీరు మూడేళ్ళలో ఎందుకు సాధించలేకపోయారో మూడు రోజుల్లోగా వివరించవలెను. లేనియెడల మీ పరిశోధన రద్దగును."

టైపు చేసింది నేనే. ఒక్క తప్పు కూడా పడలేదు.