కళ్ళజోడు పెట్టెలో కీచురాయి

బుధవారం ఉదయం ఆరింటికి శ్రీరామయ్య మాస్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఒక కీచురాయిని చింతామణికి తీసుకెళ్ళాలి. దాన్ని నలుగురికీ చూపించాలి. సాయంత్రం ప్రాణాలతో బాగేపల్లికి తెచ్చి, వంటింట్లో రుబ్బురోలు వెనక, ఎక్కడ పట్టాడో అక్కడే వదలాలి.

పురుగులతో పిల్లలకు పాఠాలు చెప్పడం ఎలాగో ఉపాధ్యాయులకు ఒక రోజు శిక్షణ. ఒక్కొక్కరూ బతికున్న పురుగు ఒకటి తేవాలని ఉత్తర్వు. చీమను పట్టుకెళ్ళినా కాదనేవాళ్ళు లేరు. కానీ బెంగుళూరు నుంచి వచ్చే పురుగుల నిపుణురాలిని శ్రీరామయ్య ఒక ప్రశ్న అడగాలి. కీచురాయి ఎన్నాళ్ళు బతుకుతుంది?

ఆయన భార్య వాసవాంబ పోయి ఎనిమిది నెలలు. ముప్పై ఒక్క ఏళ్ళ కాపురంలో మాటలన్నీ ఆయనవే. బడిలో గంట కొట్టేసరికి మిగిలిపోయిన పాఠం కూడా ఇంటికొచ్చి ఆమెకే చెప్పేవాడు. ఆమె రాగి ముద్ద కెలుకుతూ "ఊఁ" అనేది. ఆమె పోయాక ఇంట్లో మాటలు అలాగే ఉన్నాయి, "ఊఁ" మాత్రం లేదు. రెండు నెలల క్రితం ఒక సాయంత్రం ఆయన గోడవైపు చూసి, "పప్పులో ఉప్పు ఎక్కువైపోయె," అన్నాడు. రుబ్బురోలు వెనక నుంచి కిర్ర్‌మని వినిపించింది. ఆనాటి నుంచి సంసారం మళ్ళీ గాడిలో పడింది.

వాసవాంబ కళ్ళజోడు పెట్టెలో ఆమె అద్దాలు తుడుచుకునే పసుపు గుడ్డ పరిచాడు. దోసకాయ ముక్క పెట్టాడు. పురుగును వదిలి, మూత వదులుగా ఉందని రబ్బరు బ్యాండు బిగించాడు.

"సాయంత్రం బస్సుకు వచ్చేస్తాములే," అన్నాడు పెట్టెతో.

పెట్టె బదులు పలకలేదు. అలిగిందేమో అనుకున్నాడు.

చింతామణిలో శిక్షణ హాలు పదింటికే కిటకిటలాడుతోంది. నలభై రెండు మంది మాస్టర్లు, టీచర్లు. పొడవాటి బల్ల మీద సీసాల్లో, అగ్గిపెట్టెల్లో, టిఫిను గిన్నెల్లో పురుగులు. దిబ్బూరహళ్ళి కెంపమ్మ టీచరు వెదురు తట్ట నిండా పట్టుపురుగులు తెచ్చింది.

"ఏం తెచ్చినారు మేష్ట్రే, కళ్ళజోడా? దానికి కాళ్ళెన్ని?" అంది.

"ఆరు," అన్నాడు శ్రీరామయ్య గంభీరంగా.

నిపుణురాలు స్మిత కారు కైవారం క్రాసు దగ్గర పంక్చరైందని కబురొచ్చింది. ఆమె ముందే పంపిన బొమ్మలు తానే చూపిస్తానని అధికారి మోహన్‌కుమార్ లేచాడు. సమయపాలనలో ఆయన కఠినుడు, మిగతా విషయాల్లోనూ అంతే. లైట్లు ఆర్పించాడు. తెర మీద మొదటి వాక్యం వెలిగింది: కీటకాలను వినడం నేర్చుకుందాం.

కిర్ర్... కిర్ర్...

"ఎవరి ఫోనప్పా అది? సైలెంట్‌లో పెట్టమని చెప్పినానా లేదా?"

లైట్లు వేశారు. నిశ్శబ్దం. ఆర్పారు. కిర్ర్‌మంది. వేశారు, ఆగింది. లైటు వేయగానే ఎవరో ఫోను నొక్కేస్తున్నారని మోహన్‌కుమార్ తేల్చేశాడు. అటెండరు మునివెంకటప్ప చేత గంప తెప్పించి అందరి ఫోన్లూ అందులో వేయించాడు. ఆదర్శం కోసం తనదీ వేశాడు. గంపను స్టోరు రూములో పెట్టి తాళం వేయించాడు.

లైట్లు ఆర్పారు. కిర్ర్... కిర్ర్...

"ఎవరో రెండో ఫోను దాచిపెట్టుకోనుండారు," అన్నాడు మోహన్‌కుమార్.

జేబులు వెతికారు. పేరేసంద్ర మాస్టరు జేబులో నిజంగానే రెండో ఫోను దొరికింది. అదే హాల్లో కూర్చున్న ఆయన భార్యకు ఆ సంగతి అప్పుడే తెలిసింది. వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడానికి వరండాలోకి వెళ్ళారు, మళ్ళీ రాలేదు.

ఆ గొంతు శ్రీరామయ్యకు మాత్రం తెలుసు. చీకట్లో తడుముకుంటూ బల్ల దగ్గరికి వెళ్ళాడు. పెట్టెకు రబ్బరు బ్యాండు లేదు. హాజరు పట్టీలు చుట్టి మునివెంకటప్ప చంకలో పెట్టుకున్నాడు. ఆ రబ్బరు బ్యాండు వాటికి ఉంది. మూత ఎత్తాడు. తెర వెలుగులో పసుపు గుడ్డ కనిపించింది, దోసకాయ ముక్క కనిపించింది. పురుగు కనిపించలేదు.

లోపం కరెంటులో ఉందేమోనని మోహన్‌కుమార్ ఈసారి మెయిన్ స్విచ్చే తీయించాడు. కిటికీ తెరలన్నీ మూసి ఉన్న హాలు కటిక చీకటైంది. శబ్దం రెట్టింపు ఉత్సాహంతో అందుకుంది.

"సార్, అది ఫోను కాదు," అన్నాడు మునివెంకటప్ప. "కీచురాయి. చీకటైతే అరుస్తాది, దీపమేస్తే మానుకుంటాది."

పురుగుల గురించి నేర్చుకోవడానికి వచ్చిన నలభై రెండు మందిలో ఒక్కరూ పైకి అనని సంగతి, శిక్షణకు పిలవని మనిషి అన్నాడు.

"ముందే చెప్పేదానికేం?"

"మీరు ఫోన్లు ఏరుకోమంటిరి, ఏరుకున్న్యా."

"సరే, మందు కొట్టు."

మునివెంకటప్ప కిటికీ తెరలు పక్కకు లాగి, దోమల మందు డబ్బా తెచ్చాడు. కెంపమ్మ తట్టకు అడ్డంగా నిలబడింది.

"నా పురుగులుండే చోట మందా? మొన్న పక్క ద్రాక్షతోటలో కొట్టిన మందు గాలికే మావి మూడు తట్లు పోయినాయి. కొట్టేదుంటే ముందు నా ముఖాన కొట్టప్పా."

హాల్లో సగం మంది పట్టుపురుగులు మేపే ఇళ్ళవాళ్ళే. వాళ్ళూ లేచి నిలబడ్డారు. శ్రీరామయ్యకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. అయితే మోహన్‌కుమార్ కూడా దిబ్బూరహళ్ళి అల్లుడే, పట్టుపురుగుల ఇళ్ళ భయం ఆయనకు తెలుసు.

"మీ తట్ట బయట పెట్టుకోండమ్మా. తర్వాతనే కొడతాడు," అన్నాడు.

కెంపమ్మ ఒక్క క్షణం ఆలోచించి తట్ట ఎత్తుకుంది. మునివెంకటప్ప డబ్బా ఊపాడు.

"కొట్టొద్దండి సార్. అది నాది," అన్నాడు శ్రీరామయ్య.

"కీచురాయికి కూడా ఓనరుంటాడా మేష్ట్రే?"

"మా ఇంటిది సార్. మా ఆడామె పోయి ఎనిమిది నెలలాయె. ఇది పోతే ఇంట్లో ఊఁ అనేదానికి ఇంకెవరూ లేరు."

కెంపమ్మ తట్టను మళ్ళీ బల్ల మీద పెట్టేసింది. ఏ నిబంధన కింద ఏం చేయాలో మోహన్‌కుమార్‌కు పాలుపోలేదు. పాలుపోనప్పుడు ఆయన చేసే పని ఒకటే.

"రాసియ్యండి," అన్నాడు మెల్లగా.

శ్రీరామయ్య రాసిచ్చాడు. ఈ శబ్దం మా ఇంటిది, దీనికి నేనే బాధ్యుణ్ణి అని సంతకం పెట్టాడు. సిరా ఆరకముందే బయట సైరన్ మోగింది. అగ్నిమాపక సిబ్బంది గొట్టం లాక్కుంటూ లోపలికి దూకారు. చిక్కబళ్ళాపురం ఆఫీసు నుంచి గంట సేపుగా ఒకరి తర్వాత ఒకరికి ఫోను చేశారట. ఎవరూ ఎత్తలేదు. పక్క దుకాణం అతన్ని అడిగితే, హాల్లో కరెంటు పోయింది, జనం లోపలే ఉన్నారు, ఒక జంట వరండాలో ఏడుస్తోంది అని చెప్పాడట, దాంతో ఆఫీసువాళ్ళే ఫైరింజన్ పంపారట.

"మంట యాడ?" అన్నాడు ముందున్నవాడు.

"మంట లేదప్పా. కీచురాయి ఉండాది," అన్నాడు మునివెంకటప్ప.

వాళ్ళ వెనకే చేతులకు గ్రీజు మరకలతో స్మిత వచ్చింది. జరిగింది విని బల్ల దగ్గరికి నడిచింది. కళ్ళజోడు పెట్టెలోని పసుపు గుడ్డను రెండు వేళ్ళతో ఎత్తి తిరగేసింది. అడుగున, గుడ్డను కరుచుకుని, కీచురాయి ఉంది.

"మీది ఇదే కదా సార్? ఇది ఆడది. వెనక సూదిలా కనిపిస్తాంది చూడండి, గుడ్లు పెట్టేదానికి. ఆడది అరవదు."

సరిగ్గా అప్పుడే మోహన్‌కుమార్ వెనకున్న బీరువా చాటు చీకట్లోంచి కిర్ర్‌మంది.

"అది మగది. ఈ హాలుదే," అంది స్మిత.

మోహన్‌కుమార్ చేతిలోని కాగితం వైపు చూసి, నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు. శ్రీరామయ్య పురుగు మీదికి వంగాడు.

"అరవకపోతే ఇది ఏం చేస్తాదమ్మా?"

"వింటుంది సార్. చెవులు ముందు కాళ్ళలో, మోకాళ్ళ కింద ఉంటాయి. మీ ఇంట్లో అరిచేది వేరే ఉంటుంది. దాన్ని వినేది ఇదే."

"ఎన్నాళ్ళు బతుకుతాది?"

"రెక్కల అంచులు అరిగిపోయినాయి. ఇంకో పది రోజులేమో సార్."

సాయంత్రం బస్సులో ఆయన పెట్టెను రెండు చేతులతో ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాడు. "ఊఁ" కాకుండా వాసవాంబ అన్న మాట ఒక్కటైనా గుర్తు తెచ్చుకుందామని చూశాడు. చేలూరు వచ్చేదాకా చూశాడు. చేలూరు దాటాక కూడా చూశాడు. దొరకలేదు.

పొద్దు గుంకుతుండగా ఇల్లు చేరి, రుబ్బురోలు వెనక పెట్టె మూత తెరిచాడు. కీచురాయి కాసేపు అంచున ఆగి, చీకట్లోకి నడిచిపోయింది. కొంతసేపటికి లోపల ఎక్కడి నుంచో కిర్ర్‌మంది. అది తనతో కాదని ఆయనకు ఇప్పుడు తెలుసు.

"ఈ పొద్దు ఏమైందంటే..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. లైటు వేయలేదు. రుబ్బురోలుకు ఆనుకుని, మోకాళ్ళు ముడుచుకుని నేల మీద కూర్చున్నాడు.

ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో శ్రీరామయ్య మాస్టరు నోరెత్తకుండా కూర్చున్న మొదటి క్లాసు అదే.