నాన్న ప్రివెంట్ చేసిన పెళ్ళి

ఆ ఉదయానికి అమ్మాయి వేసుకున్న ప్లాను చాలా తేలికైనది. పదకొండింటికి రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి, తర్వాత భోజనం. తేలని సంగతి ఒక్కటే: నాన్న వస్తాడా? ఉద్యోగమంతా ఇంగ్లీషు నిఘంటువులకు ప్రూఫులు దిద్దిన ఆయన, పెళ్ళి మాట చెప్పిన నాడు "ఊఁ" అని ఊరుకున్నాడు. ఆ "ఊఁ"కి అర్థం ఏ నిఘంటువులోనూ లేదు. ఆయన ఎదురుగా లేకుండా సంతకం పెట్టడం అమ్మాయికి ఇష్టం లేదు.

కాఫీ తాగుతుండగా నాన్న నుంచి మెసేజ్ వచ్చింది. ఇంగ్లీషులో ఒక్క ముక్క: ఆఫీసు దగ్గర మిమ్మల్ని ప్రివెంట్ చేస్తాను.

అమ్మాయి కప్పు పక్కన పెట్టేసి పెళ్ళికొడుక్కి ఫోన్ చేసింది.

"మా నాన్న పెళ్ళి ఆపుతాడట."

"ముందే చెప్పి మరీ ఆపుతారా ఎవరైనా?"

"మా నాన్న చెప్తాడు. పద్ధతైన మనిషి."

"అయితే ఆయన రాకముందే కానిచ్చేద్దాం. ఉన్నపళంగా తయారవ్వు, వస్తున్నాం."

పెళ్ళికొడుకు తల్లి గోరంతను కొండంత చేయడంలో చెయ్యి తిరిగిన మనిషి. "ఒక్కడే రాడురా, లాయర్ని తెస్తాడు," అంది కారెక్కుతూ. దారిలో అమ్మాయిని ఎక్కించుకునేసరికి ఆ లాయర్లు ఇద్దరయ్యారు. ఆఫీసు కనపడేసరికి పోలీసులు కూడా చేరారు. ముందు గుమ్మం దగ్గర కాపు కాస్తారని చెప్పి, ఆవిడ గుర్తింపు కార్డుల సంచీ చంకన పెట్టుకుని, అందరిచేతా వెనక గోడ దూకించింది. పెళ్ళికొడుకు ప్యాంటు మోకాలిదాకా చిరిగింది.

వెనక తలుపు తోసి చూస్తే, ఇస్త్రీ చొక్కా వేసుకుని నాన్న బెంచీమీద కూర్చుని ఉన్నాడు.

"నా పెళ్ళి ఎందుకు ఆపుతున్నావు నాన్నా?" అంది అమ్మాయి.

ఆయన బిత్తరపోయాడు. "ఆపడమేంటమ్మా? ప్రివెంట్ అంటే ముందుగా రావడం. లాటిన్‌లో మూలం అదే. నాలుగొందల ఏళ్ళ కిందట అలా కూడా వాడేవాళ్ళు. నీకంటే ముందొచ్చి నీకు ఎదురు రావాలనుకున్నా."

"నాలుగొందల ఏళ్ళ కిందట నాకు ఫోన్ లేదు నాన్నా," అంటూనే ఆయన భుజంమీద తల వాల్చేసింది. ఆ "ఊఁ"కి అర్థం ఇప్పటికి తెలిసింది.

రిజిస్ట్రారు గొంతు సవరించుకున్నాడు. "సంతోషం. గుర్తింపు కార్డులు ఇవ్వండి."

అందరూ కాబోయే అత్తగారి చంక వైపు చూశారు. ఖాళీగా ఉంది. గోడ దూకేటప్పుడు జారిన సంచీ పక్కనున్న మురిక్కాలవలో ఎప్పుడో కొట్టుకుపోయింది. కొత్త కార్డులు తీసుకుని వచ్చే నెల రమ్మన్నాడు రిజిస్ట్రారు.

నాన్న మాట తప్పే మనిషి కాదు: పాత అర్థంలోనూ, కొత్త అర్థంలోనూ ప్రివెంట్ చేశాడు.