అంటు పడ్డ బంతి

ఆ ఆదివారం ఉదయం తిమ్మయ్య వేసుకున్న పథకంలో అపాయానికి తావే లేదు. కర్నూలు జట్టుకూ కడప జట్టుకూ ముందురోజు మొదలైన ఆట పదకొండు గంటలకు తిరిగి సాగుతుంది. తన వంతు వచ్చినప్పుడు వెళ్లి నిలబడాలి. సాయంత్రం దాకా అవుట్ కాకుండా ఉండాలి. ఆట డ్రా అయ్యాక కమలాపురం బస్సెక్కి, మంచాన పడి ఉన్న అయ్యన్న చిన్నాయనను చూడాలి. తండ్రి లేని తిమ్మయ్యను పెంచి, చదివించి, కర్నూలులో సైన్సు మాస్టరును చేసింది ఆ చిన్నాయనే. ఒకసారి వచ్చి పొమ్మని వారం కిందటే కబురు పంపాడు. ఆటకు ఎలాగూ కడప వెళ్లాలి కనుక రెండు పనులూ ఒకే ప్రయాణంలో తీరుతాయని తిమ్మయ్య లెక్క వేశాడు. ఆ లెక్కలో చిన్నాయన ఆయుష్షును మాత్రం వేసుకోలేదు.

హోటల్లో మరమరాల ఉగ్గాని తింటున్నప్పుడే జట్టు కెప్టెన్ పుల్లయ్య అతనితో తగాదా పెట్టుకున్నాడు. పుల్లయ్య వకీలు. పాతదేదైనా ఆయనకు గిట్టదు. మన దేశపు జట్టు పాకిస్తాను వెళ్లి, అయిదు టెస్టులు ఆడి, అయిదూ డ్రా చేసుకొని అప్పుడే తిరిగి వచ్చింది. పుల్లయ్య దాన్ని సొంత ఇంట జరిగిన అవమానంగా భావించాడు.

"అయిదుకు అయిదూ డ్రా! అది ఆటనా, ఒక్కపొద్దా?" అన్నాడు మిరపకాయ బజ్జీ కొరుకుతూ. "ఓడిపోతామని భయపడేటోడు బ్యాటెందుకు పట్టుకోవల్ల? తులసిమాల పట్టుకుంటే సాలదా?"

"ఓడకుండా ఉండేది గూడా ఒక పనే గదప్పా," అన్నాడు తిమ్మయ్య. "బంతి వేగాన్ని బ్యాటుతో సంపేస్తే అది కాళ్లకాడ పడుకుంటాది. లేపి కొడితే యాడికి పోతాదో నీ సేతిలో లేదు."

"నీ సైన్సు నీ పిల్లోళ్లకు చెప్పుకో. పాత అలవాట్లు పట్టుకోని యేలాడేటోళ్లతో దేశం బాగుపడదు. దూకల్ల! కొట్టల్ల! ఈ పొద్దు నిన్ను ఆఖర్లో పంపిస్తాండా. కొట్టకుండా గోడ మాదిరి నిలబడినావో, ఇంక ఎప్పటికీ ఇంట్లో గోడకే ఆనుకో."

తిమ్మయ్య పళ్లెం ఖాళీ చేసి లేచాడు. అతనికి భార్య లేదు, పిల్లలు లేరు. వారానికొకసారి తెల్లబట్టలు వేసుకొని ఎండలో నిలబడడం తప్ప వేరే వ్యసనమూ లేదు.

కడప జట్టుకు కెప్టెన్ ఓబులేసు. వేరుశనగ నూనె మిల్లు ఉండడంతో ఊరందరికీ మిల్లు ఓబులేసుగానే తెలుసు. మరునాడే ఆయన కూతురి పెళ్లి. పెళ్లికొడుకు తరఫువారికి తన దర్జా చూపించాలని ఈ ఆట ఏర్పాటు చేశాడు. అందువల్ల జట్టులో ఉన్నవాళ్లందరూ ఆయన బావమరుదులు, అల్లుళ్లు, పెళ్లింట్లో దిగిన చుట్టాలు. మైదానం అంచున షామియానా కింద ఆయన భార్య కృష్ణవేణమ్మ ఆడవాళ్లను కూర్చోబెట్టుకొని, పెళ్లిపనులు పురమాయిస్తూనే ఆట చూస్తోంది.

పుల్లయ్య ఆజ్ఞ ప్రకారం కర్నూలువాళ్లు దూకారు. దూకినవాళ్లు దూకినట్టే వెనక్కి వచ్చారు. ఎండ నడినెత్తికి రాకముందే తొమ్మిది వికెట్లు పడ్డాయి. గెలవడానికి ఇంకా యాభై పరుగులు కావాలి. ఒక కొసన తిమ్మయ్య, రెండో కొసన ముందురోజు మోకాలు బెణికి కుంటుతున్న పుల్లయ్య మిగిలారు. తిమ్మయ్య తనకు తెలిసిన విద్య మొదలుపెట్టాడు. బంతి రావడం, బ్యాటుకు తగలడం, కాళ్ల దగ్గర పడుకోవడం. అవతల పుల్లయ్య పళ్లు నూరుతున్న శబ్దం అంపైరుకు కూడా వినిపించింది.

అప్పుడు కమలాపురం నుంచి ఉదయం బస్సులో వచ్చిన కంబన్న, చిన్నాయన పొలంలో సేద్యం చేసేవాడు, ఎవరినీ అడగకుండా మైదానం నడుమకు నడిచి వచ్చాడు.

"తిమ్మయ్యా, సిన్నాయన పోయినాడప్పా. తెల్లారుజామున. పొద్దుగూకే లోపల ఎత్తేస్తారంట. నువ్వొస్తావని శానా సేపు తలుపుకల్లే సూస్తాండె."

తిమ్మయ్య బ్యాటు మీద ఆనుకొని నిలబడిపోయాడు. ఎవరైనా వచ్చి భుజం మీద చెయ్యి వేస్తారేమో అన్నట్టు ఒక క్షణం గడిచింది. షామియానా కింద నుంచి కృష్ణవేణమ్మ గొంతు మైదానమంతా మోగింది.

"ఎవురూ ఆయన్ని ముట్టుకోవాకండి! అంటు! రేపు పెళ్లి పెట్టుకోని ఉండాము!"

అంటులన్నింటిలోనూ ఈ చావు మైల విచిత్రమైనది. కలరా నీటి గుండా వస్తుంది, మలేరియా దోమ గుండా వస్తుంది, ఇది చెవి గుండా వస్తుంది. పాలోడు, అంటే తండ్రివైపు దాయాది, చనిపోయిన వార్త విన్న క్షణం నుంచి మనిషికి అంటు. వినకపోతే లేదు. తిమ్మయ్య తన తరగతిలో ఈ సంగతి ఎన్నోసార్లు నవ్వుతూ చెప్పాడు. ఇప్పుడు నవ్వు రాలేదు. చుట్టూ ఉన్న పదిమందీ రెండేసి అడుగులు వెనక్కి జరిగారు. ఓబులేసు ఒక్కడే జరగలేదు. తల వంచుకొని టోపీ సర్దుకున్నాడు.

"పుల్లయ్యప్పా, నేను పోవల్ల," అన్నాడు తిమ్మయ్య.

"యాడికి పోతావు? నువ్వు పోతే ఆట పోయినట్లే. బస్సు సాయంత్రానికి గాని లేదు, అది నిన్ను పొద్దుగూకినాక దింపుతాది." పుల్లయ్య గొంతు తగ్గించాడు. "నా కారు ఉండాది. ఈ ఆట తేలిపోతానే పంపిస్తా. గెలిచినా సరే, అవుటైనా సరే. మాటంటే మాటే."

తిమ్మయ్య ఆలోచించాడు. గెలవడానికి చాలాసేపు పడుతుంది. అవుటవడానికి ఒక బంతి చాలు. జీవితంలో మొట్టమొదటిసారి అతను ఒక బంతిని లేపి కొట్టాడు. అది నేరుగా ఓబులేసు చిన్న బావమరిది చేతుల్లోకి దిగింది. పసిపిల్లవాడైనా పట్టగల క్యాచ్. బావమరిది చేతులు చాచాడు, అక్క వైపు చూశాడు, చేతులు వెనక్కి దాచుకున్నాడు. బంతి అతని కాళ్ల దగ్గర పడింది. బ్యాటుకు తగిలిన బంతికి అంటు. అందరూ పామును చూసినట్టు దాని చుట్టూ దూరంగా నిలబడ్డారు.

"పరిగెత్తప్పా!" అని అరిచి పుల్లయ్య కుంటుతూ బయలుదేరాడు. పరిగెత్తవలసిన అవసరం కూడా లేకపోయింది. ఇద్దరూ నడిచే పరుగులు తీస్తుంటే బంతి పోయిందని ఓబులేసు భరించలేక కేక వేశాడు.

"లాస్ట్ బాల్!"

అంపైరు శాంతయ్య మిషన్ స్కూలులో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన క్రైస్తవుడు. "బంతి అందరికీ కనబడుతోంది కదా, ఓబులేసూ."

"కనబడతాంది సార్. ఎత్తేదానికి లేదు."

శాంతయ్య నియమాల పుస్తకం తీసి, కళ్లజోడు పెట్టుకొని చదివాడు. దొరకని బంతి గాని, తిరిగి తీసుకోలేని బంతి గాని ఉంటే ఆరు పరుగులు. "అంటు మాట ఇందులో లేదు. తీసుకోలేని మాట ఉంది. ఆరు."

"మీకు అంటు లేదు గదా సార్. మీరే ఎత్తియ్యండి," అన్నాడు బావమరిది.

"నాకు అంటు లేదు నాయనా, జీతమూ లేదు. బంతులు ఏరడం అంపైరు పని కాదు."

కృష్ణవేణమ్మ బిందెతో పసుపునీళ్లు పంపింది. బంతి మీద ఎత్తు నుంచి ధారగా పోశాక అది శుద్ధి అయిందని తేల్చారు. మళ్లీ వేశారు. తిమ్మయ్య మళ్లీ లేపాడు. మళ్లీ ఎవరూ పట్టలేదు. మళ్లీ ఆరు, మళ్లీ పసుపునీళ్లు. పుల్లయ్య ఆనందానికి మేర లేకపోయింది.

"సూసినావా! ఇన్నేండ్లు యాడ దాచిపెట్టినావప్పా ఈ ఆట? ఇదే నేను చెప్తాండేది!"

"అవుటయ్యేదానికి కొడతాండానప్పా," అన్నాడు తిమ్మయ్య.

"అట్లనే కొట్టు! శానా బాగుండాది!"

ఓవరు మారి తన వంతు వచ్చినప్పుడు మాత్రం దూకుడుకు ధర్మకర్త అయిన పుల్లయ్య కాలు ముందుకు చాచి, తల వంచి, ఆరు బంతులనూ భక్తితో అడ్డుకున్నాడు. తాను అవుటైతే అంటు ఉన్న మనిషికి ఆడే అవకాశం పోతుంది కదా.

క్యాచ్ పట్టరని తేలాక తిమ్మయ్య వికెట్లు వదిలి పక్కకు జరిగాడు. కాని నీళ్లలో నాని బరువెక్కిన బంతి బౌలర్ల వేళ్ల నుంచి జారి ఎటెటో పోతోంది, వికెట్ల వైపు మాత్రం పోవడం లేదు. విసిగి, తన వికెట్లను తానే బ్యాటుతో కూల్చాడు. శాంతయ్య జాలిగా తల అడ్డంగా ఊపాడు.

"అప్పటికే బంతి డెడ్ అయింది తిమ్మయ్యా. చచ్చిన బంతికి అవుట్ లేదు."

ఇంకా ఎనిమిది పరుగులు కావలసి ఉండగా ఓబులేసుకు తెలివి వచ్చింది. గెలవలేకపోయినా ఓడనక్కరలేదు. పసుపునీళ్లు చాలవని, మిల్లు వెనక బావి నీళ్లే కావాలని మనుషులను పంపాడు. మార్చి నెల కడప బావి. చేద అడుగుకు చేరడానికే చాలాసేపు పట్టింది. మొదటి బిందె దారిలో ఒలికింది. రెండో బిందె తెచ్చినవాడు చెప్పులతో తెచ్చాడని తిప్పి పంపారు. షామియానా నీడ మెల్లగా మైదానంలోకి సాగింది.

తిమ్మయ్య ఆ నీడను చూస్తూ నిలబడ్డాడు. డ్రా అంటే ఇద్దరిలో ఎవరూ ఓడకపోవడమని ఎన్నేళ్లుగానో నమ్మినవాడు. ఒకడు పొద్దుగూకడానికి ఎదురుచూస్తుంటే, పొద్దు గూకకూడదని మొక్కుకొనే మూడోవాడు ఉండవచ్చునని అతనికి తట్టలేదు. కమలాపురంలో ఈపాటికి పాడె కట్టి ఉంటారు. చివరికి బ్యాటు కింద పెట్టి ఓబులేసు దగ్గరకు వెళ్లి, దూరంగా ఆగాడు.

"అన్నా, ఒక్క క్యాచ్ పట్టన్నా. నీకు పుణ్యముంటాది. నేను పోవల్ల."

ఓబులేసు నేల చూపులు చూశాడు. "రేపు పెళ్లి తిమ్మయ్యా."

మైదానం అంచున కూర్చున్న కంబన్నకు ఇంక ఓపిక చాలలేదు. లేచి ఓబులేసు పక్కకు నడిచి వచ్చి గొంతెత్తాడు.

"పట్టేదానికేమప్పా ఓబులేసప్పా? నీకూ అంటే గదా! మీ నాయన్ని కన్న అబ్బ, అయ్యన్న నాయన ఒక కడుపున పుట్టినోళ్లు! పొలం గట్టు కాడ కొట్లాడి మీవోళ్లు కడపకు వచ్చేస్తే, సావు గూడా యేరైపోతాదా?"

ఈ సంగతి కమలాపురంలో అందరికీ తెలుసు, కడపలో ఓబులేసు దంపతులకు తప్ప ఎవరికీ తెలియదు. తిమ్మయ్యకూ తెలుసు. ఒక ఆడపిల్ల పెళ్లి ఆపే మాట తన నోట రాకూడదని అతను అంతసేపూ పెదవి బిగించుకొని ఉన్నాడు.

"ఆయనకు ఇనపల్లేదు!" అంది కృష్ణవేణమ్మ లేచి నిలబడి.

"ఏమంటాండాడు?" అన్నాడు ఓబులేసు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని. కంబన్న ఆయనకు కూతవేటు దూరంలో లేడు, పక్కనే ఉన్నాడు.

పుల్లయ్య తనను తాను ఆపుకోలేకపోయాడు. పాయింటు దొరికితే అది ఏ పక్షానికి పనికివస్తుందో చూసుకోలేని వకీలు ఆయన. "ఇన్నాడు! నేను సాక్షి! ఇన్నోనికి అంటు. అంటు ఉండేటోడు అంటు బంతిని పట్టొచ్చు. పట్టు ఓబులేసప్పా, నీకు అడ్డమేముండాది?"

పట్టుకుంటే విన్నట్టు. వింటే పెళ్లి ఆగినట్టు. ఓబులేసు రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు. కృష్ణవేణమ్మ ఇంకొక్క మాట ఎవరి చెవినా పడకముందే తీర్పు చెప్పేసింది.

"ఆట సాలించండి! వంట ఆరిపోతాంది, అందరూ భోజనాలకు లేయండి!"

పెళ్లింటి చుట్టాలు పెళ్లింటి ఇల్లాలి మాట జవదాటలేరు. కడప జట్టు మొత్తం విస్తళ్ల వైపు నడిచింది. శాంతయ్య కాసేపు ఒంటరిగా నిలబడి, వికెట్ల మీది బెయిల్స్ తీసి జేబులో వేసుకొని, "డ్రా," అన్నాడు.

"కారు," అన్నాడు తిమ్మయ్య.

పుల్లయ్య ముఖం మీద కొత్త కుంటు ఒకటి కనిపించింది. "కారంటే... రేపు పెళ్లికొడుకును ఊరేగించేది నా కారులోనే అని మాటిచ్చినానప్పా. నువ్వు ఆ సీటు మీద కూచుంటే... నాకు ఇట్లాంటి పట్టింపుల్లేవు, నీకు తెలుసు గదా. నలుగురూ ఏమనుకుంటారో అని."

తిమ్మయ్య వెనుదిరిగాడు. కాళ్లకు కట్టుకున్న ప్యాడ్లు విప్పాలన్న ధ్యాస కూడా లేకుండా కంబన్నతో కలిసి రోడ్డెక్కాడు. అర మైలు నడిచేసరికి వెనక నుంచి, నూనె తీయగా మిగిలిన వేరుశనగ చెక్క బస్తాలతో ఒక లారీ వచ్చి ఆగింది. డ్రైవరు తలుపు తెరిచాడు.

"ఎక్కండి సార్. ఓబులేసప్ప ఏం చెప్పలేదు. చెప్పలేదని చెప్పమన్నాడు."

వాళ్లు కమలాపురం చేరేసరికి పొద్దు పాపఘ్ని నది ఒడ్డున చింతచెట్ల మీదికి దిగింది. గుంతలో అప్పటికే మోకాటి లోతు మన్ను పడింది. ముఖం చూడడానికి లేదు. తిమ్మయ్య మోకాళ్ల మీద కూర్చొని పిడికెడు మన్ను వేశాడు. తలుపు వైపు చూస్తూ పోయిన మనిషికి, వచ్చానని చెప్పాలనుకున్నాడు. ఆయన ఇక వినడని అతనికి తెలుసు. అందరికంటే బాగా అతనికే తెలుసు.

పక్క నుంచి ఇంకొక చెయ్యి సాగి మన్ను వేసింది. తల మీదుగా గొంగడి కప్పుకున్న మనిషి. గొంగడికి వేరుశనగ చెక్క పొడి అంటుకొని ఉంది. దారి పొడుగునా లారీలో, బస్తాల వెనక, అతను పడుకొని వచ్చాడు.

"నేనీడికి రాలేదు తిమ్మయ్యా," అన్నాడు ఓబులేసు.

"నేను నిన్ను సూడలేదన్నా."

ఓబులేసు ఇంకొక పిడికెడు మన్ను వేశాడు.

"నన్ను బుజం మీద ఎక్కించుకోని ఈ ఏటి దాకా తెస్తాండె," అన్నాడు ఓబులేసు. "నీళ్లు చూపించి, మనయివే అంటాండె." తర్వాత గొంగడి ముఖం మీదికి లాక్కున్నాడు.

పొద్దున వార్త విన్నప్పటి నుంచి చనిపోయిన మనిషిని గురించి ఎవరైనా ఒక మాట మాట్లాడడం అదే మొదలు. తిమ్మయ్య ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

మరునాడు కడపలో పెళ్లి నిర్ణయించిన ముహూర్తానికే జరిగింది. మన్ను వేసిన చేతులే అల్లుడి కాళ్లు కడిగాయి. ఆ పెళ్లిలో కీడు జరిగింది ఒక్కరికే. ఏ అంటూ సోకకుండా తననూ తన కారునూ కాపాడుకున్న పుల్లయ్యకు మూడు రోజులు అజీర్తి చేసింది.