చోటు మిగిల్చినవాడి గోడు

ఇంట్లో వడ్రంగం చేద్దామనుకునేవాడికి ఉండకూడనిది ఒక్కటే. చోటు!

నవ్వకండి, బాగా ఆలోచించే అంటున్నాను. విశాలమైన షెడ్డు ఉన్నవాడు ఏం చేస్తాడు? ఒక కుర్చీ చేస్తాడు. అది చూసి ఇంట్లోవాళ్లు మంచం అడుగుతారు. మంచం చూసి పక్కింటివాళ్లు తమ బీరువా తలుపు బిగించిపెట్టమంటారు. పాపం, చాకిరీతో అతని నడుం విరుగుతుంది. ఇరుకు గది ఉన్నవాడికి ఆ బాధ లేదు. హాయిగా చోటు ఆదా చేసుకుంటూ బతికేస్తాడు. అదొక పని, అదొక చదువు, అదొక తపస్సు. దానికి అంతమంటూ లేదు!

నా గదే చూడండి. మంచం వేస్తే మనిషి పట్టడు. అంతకుముందు అందులో మా ఆవిడ కుట్టుమిషను ఉండేది. సాయంత్రం ఉద్యోగం నుంచి వచ్చాక కాసేపు అక్కడ కూర్చుని ఏదో ఒకటి కుట్టుకునేది. నాకు వడ్రంగం మీద మనసు పుట్టిన రోజున నేనే మాట కదిపాను.

"ఆ గది నాకిచ్చావంటే, మొట్టమొదట నీకే బట్టలు కత్తిరించుకునే టేబుల్ చేసిపెడతాను. చూసినవాళ్ల కళ్లు తిరగాలి!"

"అది అయ్యేదాకా మిషను ఎక్కడ పెట్టుకోనండీ?"

"హాల్లో కిటికీ పక్కన. ఒక్క నెల ఓపిక పట్టు, చాలు."

ఆవిడ నమ్మింది. నమ్మడం ఆవిడ తప్పు, నాది కాదు.

టేబుల్ చేయాలంటే పనిముట్లు కావాలి కదా? కొన్నాను. కొన్నవి పెట్టుకోవడానికి చోటుండాలి కదా? లేదు. అప్పుడే నాకు వీడియోల్లో ఒక గడ్డం పెద్దమనిషి దొరికాడు. అగ్గిపెట్టెంత గదిలో నిలబడి గోడలోంచి బల్ల లాగుతాడు, బల్లలోంచి సొరుగు లాగుతాడు, సొరుగులోంచి ఇంకో బల్ల లాగుతాడు. ఆ బల్ల మీద ఆయన ఏదైనా చేయగా నేను చూడలేదు. అంతటివాడే చేయనప్పుడు నేనెంత?

అలా మొదలైంది. గోడ పొడుగునా పలచటి అల్మరా బిగించాను. దాని తలుపుల లోపలి వైపు ప్రతి పనిముట్టుకూ ఒక కొక్కెం, కొక్కెం కింద మార్కర్‌తో దాని ఆకారం. ఇక్కడ సుత్తి, ఇక్కడ ఉలి, ఇక్కడ రంపం! ఎవరింటికి వాళ్లు చేరాల్సిందే. మా అమ్మాయి చూసి, "నాన్నా, శవం పడిన చోట పోలీసులు గీత గీస్తారే, అలా ఉంది" అంది. కళాహృదయం అందరికీ ఉండదు.

తర్వాత స్క్రూలు. షెల్ఫు అడుగున సీసా మూతలు బిగించి, స్క్రూలు నింపిన సీసాలను ఆ మూతలకు తిప్పి వేలాడదీయాలని గడ్డం పెద్దమనిషి సెలవిచ్చాడు. మా ఇంట్లో ఖాళీ సీసాలు లేవు. జామ్ సీసాలు తెచ్చాను, నిండువి. వాటిని ఖాళీ చేయడానికి ఇంటిల్లిపాదీ పొద్దునా సాయంత్రం జామ్ తిన్నాం. అమ్మాయి ఇప్పటికీ ఎర్రటిది ఏది చూసినా మొహం తిప్పుకుంటుంది. చోటు ఊరికే మిగులుతుందా?

మా ఆవిడ టేబుల్‌కని కొన్న టేకు పలకలు కింద ఉంటే అడ్డం కాబట్టి పైకప్పు కింద కమ్మీలు కట్టి వాటిని అటకెక్కించాను. దించాలంటే నిచ్చెన వేయాలి. నిచ్చెన వేస్తే గదిలో మనిషి నిలబడలేడు. మనిషి లేకుండా పలకలు దిగవు. కాబట్టి పలకలు భద్రం!

ఇక నా కిరీటం, మడత బల్ల. గోడకు మడతబందులతో బిగించిన పొడవాటి పనిబల్ల. ఎత్తి కొక్కెం వేస్తే గోడలో కలిసిపోతుంది, దించితే సగం గది ఆక్రమిస్తుంది. ఒక్క చిన్న విషయం ఉంది. బల్ల దించితే అల్మరా తలుపు తెరుచుకోదు. తలుపు తెరవాలంటే బల్ల ఎత్తేయాలి. అంటే బల్ల ఉన్నప్పుడు రంపం ఉండదు, రంపం ఉన్నప్పుడు బల్ల ఉండదు.

ఇదేం లేఅవుట్ అని అడుగుతారు. అడగండి! రెండేళ్లలో నా చేతికి చిన్న గీరు కూడా పడలేదు. ఇంత భద్రమైన వర్క్‌షాపు మీరెక్కడైనా చూశారా?

ఈ రెండేళ్లూ మా ఆవిడ గుడ్డను డైనింగ్ టేబుల్ మీద పరిచి కత్తిరించేది. భోజనాల వేళకు అన్నీ ఎత్తిపెట్టేది. తినడం అయ్యాక తుడిచి మళ్లీ పరిచేది. కిటికీ పక్కన మిషను తొక్కుతుంటే టీవీ వినబడటం లేదని ఒకరం, చదువు సాగడం లేదని ఒకరం అరిచేవాళ్లం. ఎవరైనా ఇంటికొస్తే మిషను మీద దుప్పటి కప్పి లేచిపోయేది. అప్పుడప్పుడూ మాత్రం అడిగేది.

"టేబుల్ ఎంతదాకా వచ్చిందండీ?"

"అయిపోయినట్టే. చోటు ఒక్కటే చూస్తున్నాను!"

ఒకరోజు మా బావమరిది వచ్చాడు. నా ప్రతిభ చూపించాలి కదా? అన్నీ మడిచి, అన్నీ మూసి, నేల ఊడ్చి తలుపు తీశాను. అతను గది మధ్యలో నిలబడి చుట్టూ చూశాడు.

"ఏం బావగారూ, వడ్రంగం మానేశారా? గదంతా ఖాళీగా ఉంది!"

"ఖాళీ ఏమిటోయ్! మొత్తం షాపు గోడలో ఉంది!" అన్నాను ఛాతీ విరుచుకుని.

"అక్కా, ఓసారి ఇలా రా!" అని పిలిచాడతను.

మా ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఎప్పుడు తొంగిచూసినా బల్లలు, నిచ్చెనలే కనబడే గదిలో ఆ రోజు నేల కనబడింది.

"ఇంత చోటుందా!" అంది.

ఆ గొంతు విని నేను జాగ్రత్తపడాల్సింది. పొగడ్త అనుకున్నాను. "మరేమనుకున్నావు? ఇదంతా నేను మిగిల్చిందే!" అన్నాను. తన గొయ్యి తనే తవ్వుకునేవాడికి చెమట కూడా తెలియదు.

మర్నాడు ఆఫీసు నుంచి వచ్చేసరికి గదిలో మిషను ఉంది. మడత బల్ల దించి ఉంది. దాని మీద పూల గుడ్డ, గుడ్డ మీద కత్తెర, కత్తెర పట్టుకుని మా ఆవిడ.

"టేబుల్ భలే కుదిరిందండీ! సరిగ్గా నా నడుం ఎత్తుకే వచ్చింది. మడత పెట్టేది చేస్తున్నారని ముందే చెబితే ఇన్నిసార్లు అడిగేదాన్నా?"

అది నా పనిబల్ల అని చెప్పాలి. నోరు తెరిచాను కూడా. రెండేళ్లలో నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. నోరు మూసుకున్నాను.

ఇప్పుడు బల్ల ఎప్పుడూ దించే ఉంటుంది. కాబట్టి అల్మరా ఎప్పుడూ మూసే ఉంటుంది. నా ఉలులు, రంపాలు లోపల తమ తమ గీతల మధ్య జైలుశిక్ష అనుభవిస్తున్నాయి. అందుకే అనుభవంతో చెబుతున్నాను, చోటు మిగల్చండి, కానీ మిగిలినట్టు ఇంట్లోవాళ్లకు కనబడనివ్వకండి!

ఇక్కడితో ఆపేస్తే నా పరువు దక్కేది. కానీ మొన్న ఆదివారం మధ్యాహ్నం ఇంకోటి జరిగింది. గది తలుపు వేసి ఉంది. లోపల మిషను చప్పుడు లేదు. కంగారుపడి తోశాను. మా ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి, స్టూలు మీద కాళ్లు చాపుకుని ఉంది. చేతిలో గుడ్డ లేదు, సూది లేదు.

"ఏమైంది? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. తలుపేసుకుని కాసేపు ఊరికే కూర్చున్నా. రెండేళ్లు మీరిక్కడ చేసింది కూడా అదేగా?"

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే వాదించేవాణ్ని.

నిజమే మరి! ఉలులను పొడవు ప్రకారం సర్దేవాణ్ని. మర్నాడు వెడల్పు ప్రకారం సర్దేవాణ్ని. నాన్న పనిలో ఉన్నాడని ఎవరూ పిలిచేవారు కాదు. హాల్లో టీవీ. పడకగదిలో అందరి బట్టల బీరువా, అందుకని వచ్చేవాళ్లు, పోయేవాళ్లు. ఒక మనిషి ఒక్కడే కూర్చోవడానికి మా ఇంట్లో ఉన్నది ఆ ఒక్క తలుపే. నేను చోటు వెతికింది ఉలులకు కాదు, నాకు. నాకంటే ముందు ఆ తలుపు ఆవిడది. అంతకాలం హాల్లో అందరి మధ్యా దాన్ని పోగొట్టుకుని కూర్చుంది. సిగ్గేసింది. తలుపు చప్పుడు కాకుండా దగ్గరకు వేసి వచ్చేశాను.

అన్నట్టు, మా ఇంట్లో లోపలి నుంచి గడియ పడే తలుపు ఇంకొకటి కూడా ఉంది. ఈ కాలమ్ అక్కడి నుంచే రాస్తున్నాను. బోర్లించిన బకెట్ మీద కూర్చుంటే మరీ అంత ఇబ్బందేం లేదు. బయట మా అమ్మాయి తలుపు బాదుతోంది.

"నాన్నా, ఎంతసేపు? లోపల ఏం చేస్తున్నావు?"

"షెల్ఫులకు కొలతలు తీసుకుంటున్నానమ్మా!" అన్నాను.