ఆరుగురి ఆత్మపరిశీలన

"ఇకమీదట ఈ రాష్ట్రంలో ఆత్మపరిశీలన చేసుకోకుండా ఏ డిజైన్ టీమూ పెన్సిల్ ముట్టుకోదు" అని మంత్రిగారు గుంటూరులో ప్రకటించారు. అసిస్టెంట్ ఇంజనీరు రామమూర్తి ఆ క్షణమే పెన్సిల్ పక్కన పెట్టేశాడు. ప్రభుత్వ ఆదేశాన్ని అంత వేగంగా అమలుచేయడం పద్దెనిమిదేళ్ల సర్వీసులో అతనికదే మొదటిసారి.

ఆ ప్రకటనకు కారణం చిన్నదే. వినుకొండ దగ్గర మిర్చి రైతుల కోసం ఆరుగురు ఇంజనీర్ల టీము ఒక గోడౌను డిజైన్ చేసింది. పునాది ఒకరు, కప్పు ఒకరు, కరెంటు ఒకరు గీశారు. గోడలు రామమూర్తివి. తలుపు ఇంకెవరో గీస్తారని ఆరుగురూ ఒకరినొకరు మనస్ఫూర్తిగా నమ్మారు. ఆఖరి ఇటుక పెట్టిన మేస్త్రీ వెంటిలేటర్లోంచి దూరి బయటికొచ్చాడు. అంత పరస్పర విశ్వాసమున్న టీము జిల్లాలో మరొకటి లేదని రామమూర్తికి ఇప్పటికీ గర్వమే.

గుంటూరు బ్రాడీపేట హోటల్లో ఆ ఆరుగురికీ మూడు రోజుల శిక్షణ పెట్టారు. హైదరాబాదు నుంచి వచ్చిన ట్రైనర్ అమూల్యగారు తలా ఒక పసుపు చీటీ ఇచ్చారు.

"మనం కలిసి ఎలా పనిచేస్తున్నామో రాయండి. తప్పెవరిదన్నది మాత్రం వద్దండీ."

ఆ చివరి మాటతో రామమూర్తికి ప్రాణం లేచొచ్చింది.

రెండోరోజు టీ టైములో రైతు చెంచురామయ్య వెతుక్కుంటూ వచ్చాడు.

"ఏవండీ, నా మిర్చి టిక్కీలు రెండొందలు, కుట్టిన బస్తాలు కుట్టినట్టే గోడౌను ముందు ఆరుబయట పడున్నయ్. మబ్బేసింది. తలుపెప్పుడు పెడతారండీ?"

"కొత్త డ్రాయింగు గీసి ఆరుగురం సంతకాలు పెట్టాలండీ. శిక్షణ అయ్యేదాకా పెన్సిల్ పట్టకూడదు."

"తడిస్తే కాయ బూజుపడుద్దండీ! ఏడాది కష్టమండీ అది!"

రామమూర్తి అటూ ఇటూ చూసి చెవిలో చెప్పాడు. "తూర్పు గోడ, నడిమధ్యన. అక్కడ స్తంభం లేదు, పగలగొట్టినా కప్పుకేం కాదు. నా పేరు మాత్రం ఎత్తకండి."

అతని డిజైన్లలో జనానికి పనికొచ్చింది అదొక్కటే.

ఆ సాయంత్రం వాన దంచికొట్టింది. చెంచురామయ్య కాయ ఒక్కటీ తడవలేదు. మూడోరోజు పొద్దున ఎస్సై హాల్లోకొచ్చాడు.

"ప్రభుత్వ గోడ పగలగొట్టాడని చెంచురామయ్యని లోపలేశామండీ. మీలో ఎవరో చోటు చూపించారంటాడు, పేరు చెప్పడు. ఆ చెప్పినాయన ఒప్పుకుంటే ముసలాయన్ని వదిలేస్తా. ఎవరండీ?"

ఆరుగురూ కళ్లు మూసుకుని ఆత్మపరిశీలనలో మునిగిపోయారు. అమూల్యగారి కళ్లు చెమర్చాయి.

"మూడు రోజులుగా ఈ ఏకాగ్రత కోసమే ఎదురుచూశానండీ!"

ఎస్సై కాసేపు చూసి వెళ్లిపోయాడు. ఒక్కొక్కరే కళ్లు తెరిచారు. అందరికంటే ఆఖర్న తెరిచింది రామమూర్తి. ఉత్తమ శిక్షణార్థి బహుమతి అతనికే ఇచ్చారు.