తాతగారి డి.పి.

"అది పేల్తే ఏం జేస్తవే?"

ఈ మాట అనసూయమ్మ హఫీజ్‌పేట్‌లో ఇంటి గడప దాటకముందే అన్నది. ఆటోలో రెండుసార్లు అన్నది. హైటెక్ సిటీ అద్దాల భవనంలో లిఫ్టు పద్నాలుగో అంతస్తు చేరేదాకా అంటూనే ఉన్నది. ఐదో తరగతి చదివిన ఆమెకు తుపాకుల గురించి తెలిసింది ఒక్కటే. అవి పేలుతాయి.

"లోపల తూటా ఉన్నదో లేదో ముందుగాల అదే చూస్తనమ్మా," అన్నది కూతురు ప్రశాంతి. ఆమె ఒక మ్యూజియంలో కాంట్రాక్టు మీద పాత లోహపు వస్తువులు శుభ్రం చేస్తుంది.

"లేదనుకున్నప్పుడే ఉంటది బిడ్డా."

పిలిపించినవారు సామాన్యులు కారు. హెరిటేజ్ ఇన్నోవేషన్ కార్పొరేషన్ చైర్మన్ దొంతుల ఈశ్వరయ్య గారు. వారం కిందటే ప్రెస్ మీట్ పెట్టి, తమ తాతగారు దొంతుల పెంటయ్య నిజాం సైనికుల్లో పన్నెండుమందిని ఒంటిచేత్తో కూల్చిన తుపాకీ దొరికిందని ప్రకటించారు. ఇంతటి వీరుడి పేరు ఇన్నాళ్లూ ఎవరూ వినకపోవడం ఆయన నిరాడంబరతకు నిదర్శనమని కూడా వారే సెలవిచ్చారు.

తుపాకీ టేబుల్ మీద ఉంది. చుట్టి తెచ్చిన గోనెసంచి మీద బాలానగర్ పాత ఇనుము దుకాణం పేరు. చరిత్ర ఎక్కడెక్కడ తలదాచుకుంటుందో పాపం.

"గీ పసుపు బొట్లేంది?" అన్నది ప్రశాంతి.

"ఆయుధ పూజ చేసినం మేడం," అన్నాడు చైర్మన్ గారి పీఏ రవికిరణ్. "చింతపండు పెట్టి తోముదమనుకున్నం. సారే ఆపిండ్రు, ఎక్స్‌పర్టే తోమాలన్నరు."

"తోముడు ఉండదన్నా. తుడుసుడే."

ప్రశాంతి బోల్టు వెనక్కి లాగి, లోపల ఖాళీయేనని టార్చి వేసి చూసింది. మెత్తటి బ్రష్షుతో పసుపు రాల్చింది. చిన్న గుడ్డకు ఒక్క చుక్క నూనె అద్ది, పసిపిల్ల చెవి తుడిచినంత నెమ్మదిగా ఇనుమును తుడిచింది. కర్రకు మాత్రం పొడిగుడ్డే. అనసూయమ్మ సోఫా వెనకాల చెవుల్లో వేళ్లు పెట్టుకుని కూర్చుంది. మధ్యమధ్య ఒక వేలు తీసి "అయిపాయెనా?" అని అడిగి, మళ్లీ పెట్టుకుంటోంది.

గంటకు మురికి కింద నుంచి రెండు ఇంగ్లీషు అక్షరాలు తేలాయి. డి.పి.

"దొంతుల పెంటయ్య!" రవికిరణ్ కేకకు చైర్మన్ గారు చెప్పులు మరిచి పరుగెత్తుకొచ్చారు. కళ్లు చెమర్చాయి.

"ఇంగ్లీషుల చెక్కిచ్చుకున్నడు సూడు తాత! ఆ జమానాలనే గ్లోబల్ విజన్!"

"సార్, డి.పి. అంటే..."

"ఫొటో తియ్యి రవీ. కార్యకర్తలందరి వాట్సాప్ డీపీ ఇదే ఉండాలె."

"సార్, బ్యారెల్‌కు ఇక్కడ రంధ్రం గూడ ఉన్నది..."

"శత్రువు తూటా!" అన్నాడు రవికిరణ్.

చైర్మన్ గారు ఆ గాయంలో వేలు పెట్టి రెండు నిమిషాలు మౌనం పాటించారు. ఫొటోగ్రాఫర్ ఆలస్యంగా రావడంతో ఇంకో నిమిషం పాటించారు.

ప్రశాంతి చెప్పదలచుకున్నది రిపోర్టులో రాసింది. డి.పి. అంటే డ్రిల్ పర్పస్. కవాతు నేర్చుకునేవాళ్లకిచ్చే తుపాకీ. పేలకుండా ఉండేందుకు కావాలనే రంధ్రం చేశారు.

"ఇంగ్లీషుల ఉన్నదిగా మేడం, ఎవల్ చదువుతరు? మీ సంతకం ముఖ్యం," అంటూ రవికిరణ్ దాన్ని ఫ్రేము కట్టించడానికి తీసుకున్నాడు.

"సంతకం ఎందుకు పెట్టినవే?" లిఫ్టులో దిగుతూ అనసూయమ్మ గొణిగింది. "ఏం జరిగినా పెట్టినోళ్ల మీదికే వస్తది."

ఆదివారం ఉదయం మాదాపూర్‌లో ఆవిష్కరణ సభ. వేదిక మీద గాజుపెట్టెలో తుపాకీ, పక్కన ఫ్రేములో రిపోర్టు, వెనక పెంటయ్య గారి అరవై అడుగుల కటౌట్. ఫొటో దొరకలేదు కనుక చైర్మన్ గారి ముఖానికే మీసాలు అంటించారు. కంపెనీలు పంపిన ఐటీ ఉద్యోగులు ఐడీ కార్డులతో క్రమశిక్షణగా చప్పట్లు కొట్టారు. తల్లీకూతుళ్లను సన్మానానికని ముందు వరుసలో కూర్చోబెట్టారు.

"నలభై మందిని కూల్చిన తుపాకి ఇది!" అన్నారు చైర్మన్ గారు. రెండు వారాలు తిరక్కుండానే పన్నెండు నలభై అయింది. అభివృద్ధి అంటే అదే. "ఇయ్యాల్టికి గూడ పేల్తది!"

ఆ మాట అన్న అరగంటకు, ప్రసంగం ఇంకా సాగుతుండగానే, ఇన్‌స్పెక్టర్ శివశంకర్ వేదిక ఎక్కి సెల్యూట్ చేశాడు.

"లైవ్ చూసి ప్రతిపక్షం వాళ్లు ఫిర్యాదు ఇచ్చారు సార్. పేలే తుపాకీకి లైసెన్స్ ఏదని."

"చరిత్రకు లైసెన్సా?"

"నేనూ అదే అన్నాను సార్. వినడం లేదు. కేసంటూ అయితే ఉంచుకున్నవారి మీద, బాగుచేసినవారి మీద, ఇద్దరి మీదా అవుతుంది."

అనసూయమ్మ కూతురి మణికట్టు పట్టుకుంది. "చెప్పిన్నా? నేను చెప్పిన్నా లేదా?"

ఇన్‌స్పెక్టర్ ఫ్రేము దగ్గరికి వెళ్లి రిపోర్టు మొత్తం చదివాడు. ఆ సభలో ఆ పని చేసినవాడు ఆయనొక్కడే.

"ఇది కవాతు తుపాకీ, పేలదు అని ఉంది సార్. ఇదే ఖాయమైతే కేసు లేదు. మీరేమో తాతగారు కాల్చారంటున్నారు. మీ తాతగారు దీంతో కాల్చింది నిజమేనని రాసుకోమంటారా?"

మైకు ఆన్‌లోనే ఉంది. రవికిరణ్ వేదిక మీది లైట్లు లెక్కపెడుతున్నాడు. అనసూయమ్మ చైర్మన్ గారి నోటివైపే చూస్తోంది. అక్కడినుంచి 'అవును' అని ఒక్క మాట వస్తే బిడ్డ పోలీస్ స్టేషన్లో ఉంటుంది.

చైర్మన్ గారు తుపాకీని చూశారు. రంధ్రాన్ని చూశారు. తల ఎత్తి అరవై అడుగుల మీసాలను చాలాసేపు చూశారు. చివరికి మైకు దగ్గరికి తీసుకున్నారు.

"ఏ తాత?" అన్నారు.